గొడుగు తుంగ: గుర్తుపట్టే తీరు, తొట్టిలో పెంచే పద్ధతి

నర్సరీకి వెళ్ళి "అంబ్రెల్లా పామ్" కావాలని అడిగితే, మూరెడు పొడవున్న పచ్చని కాడలు, ఒక్కో కాడ చివర విప్పిన గొడుగు ఊచల్లా చుట్టూ పరుచుకున్న ఆకులు ఉన్న మొక్కను తెచ్చి ఇస్తారు. పేరులో పామ్ అని ఉన్నా తాటికి గానీ, ఈతకు గానీ, కొబ్బరికి గానీ దానితో ఏ చుట్టరికమూ లేదు. అది తుంగ. వరి చేలలో కూలీలు వంగి పీకే తుంగకూ, చాపలు నేసే తుంగకూ, ఈజిప్టువారు కాగితం చేసుకున్న పపైరస్‌కూ అది దాయాది. ఆఫ్రికాలోనూ అరేబియా ద్వీపకల్పంలోనూ ఏటి గట్ల వెంట, నీరు నిలిచే పల్లాల్లో పుట్టి పెరిగిన ఈ మొక్కను శాస్త్రజ్ఞులు సైపెరస్ ఇన్వాల్యుక్రేటస్ అంటారు. ఈ వ్యాసంలో దానిని గొడుగు తుంగ అని పిలుస్తాను.

నేను దీనిని మొదటిసారి కొని తెచ్చినప్పుడు, కృష్ణా డెల్టాలో ముప్పై ఏళ్ళు వరి వ్యవసాయం చూసుకున్న మా మేనత్త దుబ్బును ఒకసారి చేత్తో పట్టి చూసి, "తుంగ పీకించడానికి డబ్బులిచ్చినవాళ్ళను చూశాను గానీ, డబ్బులిచ్చి తుంగను కొనుక్కున్నవాడివి నువ్వొక్కడివేరా" అన్నది. ఆమె మొక్క పేరు అడగలేదు, పువ్వు కోసం చూడలేదు. కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒకసారి తిప్పింది, అంతే. తుంగ జాతి మొక్కలను గుర్తుపట్టడంలో అంతకంటె నమ్మకమైన పరీక్ష లేదు. గుర్తుపట్టడం ఇక్కడ పాండిత్యం కోసం కాదు. ఒక తుంగను తొట్టిలో పెట్టి మురిసిపోవచ్చు, మరొక తుంగను పెరటిలోకి రానిస్తే పదేళ్ళు దానితో పోరాడవలసి వస్తుంది. పైగా ఏ తుంగో తెలిస్తేనే దాని పిలకలు ఎక్కడి నుంచి పుడతాయో తెలుస్తుంది, పెంచే పద్ధతి అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కాడను తిప్పి చూడడం

నీటి పట్టున పెరిగే సన్నాకు మొక్కలన్నీ దూరం నుంచి ఒకేలా కనబడతాయి. గడ్డి జాతిలో కాడ సాధారణంగా గుండ్రంగా ఉంటుంది, మధ్యలో బోలుగా ఉంటుంది, వెదురులో కనిపించినట్టు మధ్యమధ్య కణుపులుంటాయి. తుంగ జాతిలో కాడకు చాలావరకు మూడంచులు ఉంటాయి, లోపల తెల్లని బెండు నిండి ఉంటుంది, అడుగు నుంచి కొస దాకా కణుపు కనబడదు. వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే గడ్డి కాడ సాఫీగా దొర్లుతుంది, తుంగ కాడ అంచు అంచుకూ ఆగుతుంది. ఆకులున్న తుంగలను పైనుంచి చూస్తే ఆకులు మూడు వరుసల్లో పేర్చినట్టు ఉంటాయి. గడ్డి ఆకులు రెండు వరుసల్లో ఎదురెదురుగా వస్తాయి. ఆకు అడుగున కాడను చుట్టి ఉండే తొడుగు గడ్డిలో ఒక పక్క చీలి ఉంటుంది, తుంగలో చీలిక లేని గొట్టంలా ఉంటుంది. సైపెరేసీ అనే ఈ కుటుంబంలో ప్రపంచమంతటా 5,000కు పైగా జాతులున్నాయి కనుక ప్రతి నియమానికీ మినహాయింపులు దొరుకుతాయి, కానీ పెరటి అవసరానికి ఈ గుర్తులు చాలు.

గొడుగు తుంగ దగ్గరే చిన్న చిక్కు ఉంది. దాని కాడను మొదట్లో పట్టుకుంటే దాదాపు గుండ్రంగానే తోస్తుంది, అందుకే కొందరు ఇది తుంగ కాదేమో అనుకుంటారు. పరీక్ష పై భాగంలో చేయాలి. గొడుగుకు నాలుగు వేళ్ళ కిందుగా కాడను పట్టుకుంటే మొద్దుబారిన మూడంచులు తెలుస్తాయి, కాడ మీద నిలువుగా సన్నని గీతలు ఉంటాయి, గోటితో కింది నుంచి పైకి రాస్తే కొంచెం గరుకు తగులుతుంది. బ్లేడుతో అడ్డంగా పలుచని చక్రం కోసి వెలుతురుకు పట్టి చూస్తే, పచ్చని తొక్క లోపల స్పాంజిలాంటి తెల్లని బెండు, ఆ బెండులో సన్నని గాలి గదులు కనబడతాయి. నీటి అడుగున, గాలి చొరని బురదలో ఉన్న వేళ్ళకు పైనుంచి ప్రాణవాయువు చేరేది ఇటువంటి గాలి దారుల గుండానే. మల్లె, గులాబి నీటిలో మునిగితే వేరు కుళ్ళి చనిపోయే చోట ఇది హాయిగా ఉండడానికి కారణం అదే.

ఇప్పుడు ఆకుల సంగతి. ఈ మొక్కలో మనం ఆకులనుకునేవి ఆకులు కావు. అసలు ఆకులు దుబ్బు మొదట్లో, కాడను అంటిపెట్టుకుని గోధుమ రంగు తొడుగులుగా మాత్రమే మిగిలి ఉంటాయి. వాటిని ఎండిన పొట్టు అనుకుని చాలామంది గిల్లిపారేస్తారు. కాడ చివర గొడుగులా విచ్చుకునేవి పుష్పపుచ్ఛాలు, అంటే పూగుత్తికి అడుగున వచ్చే ఆకుల వంటి భాగాలు. ఒక గొడుగుకు ఇరవై అటూ ఇటూగా ఉంటాయి, ఒక్కొక్కటి జానెడు లేదా అంతకు కొంచెం ఎక్కువ పొడవుంటుంది, ఇంచుమించు అన్నీ ఒకే పొడవుతో చుట్టూ పరుచుకుంటాయి. వాటి నడుమ నుంచి సన్నని కాడలతో పూగుత్తి లేస్తుంది. అందులోని చిరుకంకులు చదునుగా, లేత పచ్చగా మొదలై గోధుమ రంగుకు తిరుగుతాయి. రెక్కలు లేవు, వాసన లేదు, తేనె లేదు. పుప్పొడిని గాలి మోసుకుపోతుంది గనుక వాటి అవసరం ఈ మొక్కకు లేదు. ప్రతి పుచ్ఛం కాడకు అతుక్కున్న మూలలో మొగ్గ దాగి ఉంటుందన్న మాటను మాత్రం గుర్తుంచుకోవాలి, కొత్త మొక్కలు చేసుకోవడంలో మనకు అక్కరకు వచ్చేది అదే.

పేరు విషయంలో పాత తోటపని పుస్తకాలు, నర్సరీ చీటీలు తికమక పెడతాయి. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1767లో సైపెరస్ ఆల్టర్నిఫోలియస్ అని పేరుపెట్టిన తుంగ మడగాస్కర్‌ది. డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడు రాట్‌బోల్ 1772లో ఇన్వాల్యుక్రేటస్ అని పేరుపెట్టినది మన తొట్లలో ఉన్నది. రెండూ దగ్గర బంధువులు కావడం వల్ల చాలాకాలంగా ఒకే పేరు మీద అమ్ముడవుతున్నాయి. పెంచేవారికి ఈ తేడాతో పని లేదు, రెండింటికీ సేవ ఒకటే.

పని ఉన్న తేడాలు వేరు. పపైరస్ కాడ నిలువెత్తు మనిషిని దాటి నాలుగు మీటర్ల పైకి కూడా పోతుంది. దాని తల మీద ఉండేవి వెడల్పు పట్టీలు కావు, జుట్టులా వేలాడే సన్నని పచ్చని దారాలు. చాపలు నేసే తుంగకు కాడలు పొడవుగా, నునుపుగా ఉంటాయి కానీ కొసన గొడుగు విచ్చుకోదు, రెండు మూడు పుచ్ఛాలు మాత్రమే ఉంటాయి. కొల్లేరు గట్ల మీద గుబురుగా కనిపించే జమ్ముకు ఆకులు బెల్టుల్లా చదునుగా, కాడ చివర కంకి గోధుమ రంగు కడ్డీలా ఉంటుంది. కిక్కిసకు కణుపులు స్పష్టంగా ఉంటాయి. ఈ రెండూ తుంగలే కావు.

జాగ్రత్త పడవలసింది మాత్రం పొలం తుంగ, అంటే తుంగముస్తల తుంగ దగ్గర. నేను కొన్న మొదటి కుండీలోనే అది దాక్కుని వచ్చింది. నెల తిరిగేసరికి దుబ్బు పక్కన కొత్త పిలకలు లేస్తే గొడుగు తుంగ పిల్లలు పెడుతోందని సంతోషించి ఎరువు కూడా వేశాను. గొడుగు తుంగ పిలక దబ్బనంలా ముడుచుకుని, గోధుమ రంగు తొడుగులోంచి నిటారుగా పైకి వచ్చి, జానెడు ఎత్తు దాటాకే కొసన విచ్చుకుంటుంది. నేలను ఆనుకుని ఆకులు వేయదు. పొలం తుంగ మొదటి రోజు నుంచే నేల దగ్గర మెరిసే ముదురుపచ్చ ఆకులను మూడు వరుసల్లో పరుస్తుంది, ఆ తర్వాతే సన్నని కాడ పంపి, కొసన రెండు నుంచి నాలుగు పుచ్ఛాల మీద ఎర్రగోధుమ రంగు కంకులు వేస్తుంది. అనుమానమొస్తే వేలితో మట్టి తవ్వి చూడాలి. నల్లని పీచు చుట్టుకున్న చిన్న గడ్డలు దారానికి గుచ్చినట్టు వరుసగా తగిలి, విరిస్తే సుగంధం వస్తే అవి తుంగముస్తలు. ఆయుర్వేదంలో వాటికి గొప్ప పేరుంది, తొట్టిలో మాత్రం వాటికి చోటివ్వకూడదు. పైన ఆకు పీకితే గొలుసు తెగి ప్రతి గడ్డా విడిగా మొలుస్తుంది కనుక, అటువంటి కుండీలోని మట్టినంతా దులిపి, గొడుగు తుంగ వేళ్ళను నీటిలో కడిగి, కొత్త మట్టిలో తిరిగి నాటడమే మార్గం. నేను చివరకు అదే చేశాను.

తొట్టి, మట్టి, నీరు

కుండీ మొక్కలకు మనం నేర్చుకున్న మొదటి పాఠం అడుగున బొక్క ఉండాలన్నది. గొడుగు తుంగకు ఆ పాఠాన్ని తిరగవేయాలి. అడుగున బొక్క లేని తొట్టి దీనికి సరైన ఇల్లు. పల్లెటూళ్ళలో పశువులకు కుడితి పోసే సిమెంటు గోళెం ఉంటే అంతకంటె మంచిది లేదు: లోపలి నుంచి వెడల్పుగా ఉంటుంది, ఎండకు త్వరగా వేడెక్కదు, దుబ్బు బలిసినా పగలదు. పలుచని ప్లాస్టిక్ కుండీలను దీని కొమ్ములు, అంటే మట్టిలో అడ్డంగా పాకే లావుపాటి కాండాలు, రెండు మూడేళ్ళలో ఉబ్బించి చీలుస్తాయి. 20 నుంచి 60 లీటర్ల మధ్య ఏ తొట్టి అయినా పనికి వస్తుంది. డాబా మీద పెట్టేవారు మాత్రం 60 లీటర్ల తొట్టి తడి మట్టితో నిండితే దాదాపు 100 కిలోలు తూగుతుందని గుర్తుంచుకుని, దానిని స్లాబు నడిమధ్య కాక గోడ మీదకు లేదా దూలం మీదకు బరువు పడేలా అమర్చాలి.

మట్టి బరువుగా ఉండాలి. చెరువులో ఎండాకాలం తవ్విన ఒండ్రు దొరికితే దానిని నేరుగా వాడవచ్చు. లేనివారు నల్లరేగడి, ఎర్రమట్టి సమపాళ్ళలో కలిపి, అందులో పదో వంతు బాగా మాగిన పశువుల ఎరువు చేర్చుకోవచ్చు. డాబా తోటలవారు అలవాటుగా కలిపే కొబ్బరిపొట్టును ఇక్కడ దూరంగా ఉంచాలి. నీరు పోయగానే అది తేలి, తొట్టి మీద గోధుమ రంగు తెట్టుగా నిలుస్తుంది. మాగని పేడ వేస్తే నీటి అడుగున గాలి లేక కుళ్ళి దుర్వాసన వస్తుంది. తొట్టిలో మూడు వంతుల దాకా మట్టి నింపి, దుబ్బును కొమ్ము పై భాగం మట్టికి సరిసమానంగా ఉండేలా నాటి, పైన రెండు వేళ్ళ మందాన ముతక ఇసుకో గులకరాళ్ళో పరిస్తే నీరు పోసినప్పుడు బురద లేవదు.

మొదటి రెండు వారాలు మట్టి మీద రెండు మూడు సెంటీమీటర్ల నీరు చాలు. కొత్త పిలక నీటిని దాటి పైకి వచ్చాక 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతు దాకా పెంచవచ్చు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే చాలు గానీ, నీటి అడుగునే మునిగి ఉండాలన్న నియమం లేదు. పంపు కింద, స్నానాల గది నీరు పారే చోట, నేలలోనే బతుకుతుంది. ఏసీ నుంచి కారే నీరు గాలిలోని తేమ గనుక దానిలో ఉప్పులు దాదాపు ఉండవు, నిరభ్యంతరంగా పోయవచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలే వృథా నీటిలో ఉప్పులు చిక్కగా ఉంటాయి. బొక్క లేని తొట్టిలో ఆ ఉప్పు బయటకు పోయే దారి లేక ఆవిరైన కొద్దీ పేరుకుని, గొడుగు అంచులు మాడినట్టు గోధుమ రంగుకు తిరుగుతాయి. బోరు నీరు చాలా ఉప్పగా ఉన్న ఊళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. వానాకాలంలో రెండు మూడుసార్లు తొట్టిని వాన నీటితో పొర్లనిస్తే పేరుకున్న ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

దోమల మాట ఎత్తకుండా నీటి తొట్టి గురించి రాయడం సరికాదు. డెంగీని మోసే దోమ ఇటువంటి నిలువ నీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. పెద్ద తొట్టిలో నాలుగైదు గప్పీ చేపలు వేస్తే అవి పిల్ల పురుగులను తినేస్తాయి. చేపలు వద్దనుకునేవారు నీటి మట్టాన్ని గులకరాళ్ళ పొరకు ఒక వేలు కిందనే ఆపాలి. నీరు రాళ్ళ మధ్య ఉంటుంది, పైకి కనబడదు, దోమకు చోటు దొరకదు, మొక్కకు మాత్రం కావలసిన తడి అందుతుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో కూడా నేను ఈ రెండో పద్ధతినే మెచ్చుకుంటాను.

గొడుగును తలకిందులుగా పెట్టడం

ఈ మొక్క సొంత ఊళ్ళో, ఏటి గట్టున, కాడ బరువెక్కి వంగి నీటిలోకి తల వాలుస్తుంది. నీరు తగిలిన గొడుగులో పుచ్ఛాల మూలల్లో దాగిన మొగ్గలు మేలుకుని, కింద వేరు, పైన పిలక వేసుకుని, తల్లికి దూరంగా కొత్త దుబ్బు మొదలవుతుంది. మనం చేయవలసిందల్లా ఆ వంగడాన్ని గిన్నెలో అనుకరించడమే. విత్తనాల కోసం ఎదురుచూడడం అనవసరం.

ముదిరినా ఇంకా పచ్చగా ఉన్న, పూగుత్తి ఎండిపోని గొడుగును ఎంచుకుని, కాడను దాని కింద నాలుగు సెంటీమీటర్ల దగ్గర పదునైన కత్తెరతో కోయాలి. పుచ్ఛాలను మూడు నాలుగు సెంటీమీటర్లు మిగిల్చి చుట్టూ కత్తిరించాలి. ఇది అందం కోసం కాదు, వేరు లేని ముక్క నీటిని ఆవిరిగా పోగొట్టుకోకుండా ఉండడానికి. ఇప్పుడు దానిని తలకిందులు చేసి, కాడ ముక్క పైకి లేచి, పుచ్ఛాల చక్రం నీటిని తాకేలా వెడల్పాటి గిన్నెలో తేలనివ్వాలి. వెలుతురు బాగా ఉండి నేరుగా ఎండ పడని వంటింటి కిటికీ దీనికి తగిన చోటు. మూడు రోజులకొకసారి నీరు మార్చాలి. వేసవి చివర, వానల మొదట్లో రెండు మూడు వారాలకు చక్రం నడుమ నుంచి తెల్లని వేళ్ళు దారాల్లా దిగుతాయి, వాటి పక్కనే గోరంత పచ్చని మొనలు లేస్తాయి. చలికాలంలో దీనికి రెట్టింపు కాలం పట్టవచ్చు. మొదటివారం పుచ్ఛాలు పసుపుబారినంత మాత్రాన పారేయకూడదు. చక్రం నడుమ గట్టిగా, పచ్చగా ఉన్నంతవరకు మొగ్గ బతికే ఉంటుంది. మెత్తబడి కంపు కొడితేనే ఆశ వదులుకోవాలి.

పిలకలు నాలుగు వేళ్ళ ఎత్తుకు వచ్చాక, చక్రాన్ని అలాగే, వేళ్ళ వైపు కిందికి ఉండేలా, బురద మట్టి నింపిన చిన్న గిన్నెలో ఆనించి, పైన పలుచగా ఇసుక చల్లి నిలబెట్టాలి. ఒక్క గొడుగు నుంచి మూడు నాలుగు మొక్కలు రావడం మామూలే. కోయడానికి మనసొప్పనివారు కాడను కోయకుండానే పక్కన పెట్టిన బురద గిన్నెలోకి వంచి, తల మీద రాయి పెట్టవచ్చు. మల్లెకు నేలంటు తొక్కినట్టే, వేరు పట్టాక కాడ తెంపుకోవచ్చు.

పపైరస్ తలలను ఇలా నీటిలో పెట్టి నిరాశపడినవారు నాకు తెలుసు. ఆ మొక్కను మామూలుగా దుబ్బు చీల్చి, కొమ్ము ముక్కతో పెంచుతారు. ముందు ఏ తుంగో తేల్చుకొమ్మన్నది ఇందుకే.

ఏడాది పొడుగునా

ఎండ ఎంత ఉంటే కాడలు అంత గట్టిగా నిలుస్తాయి. నీడ ఎక్కువైతే సన్నబడి వాలిపోతాయి. కోస్తాలోనూ తెలంగాణలోనూ ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ మాత్రం తప్పించగలిగితే మంచిది. నా తొట్టిలో మే నెలలో రోజుకు రెండు సెంటీమీటర్లకు తక్కువ కాకుండా నీరు తగ్గుతుంది, కనుక ఊరికి వెళ్ళేముందు తొట్టిని నీడకు జరపడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి మరిచిపోయి వారం తర్వాత వచ్చి చూస్తే కాడలన్నీ గడ్డివాములా ఎండి ఉన్నాయి. వాటిని మొదటికంటా కోసి నీరు నింపితే ఇరవై రోజుల్లో కొమ్ము నుంచి కొత్త పిలకలు వచ్చాయి. పైన చచ్చినంత మాత్రాన కింద చచ్చినట్టు కాదు. మంచు కురిసే దేశాల్లో ఉంటున్నవారు మాత్రం చలి మొదలు కాకముందే తొట్టిని ఇంట్లోకి, ఎండ వచ్చే కిటికీ దగ్గరికి చేర్చాలి.

ఎరువు రెండు నెలలకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టును పలుచని గుడ్డలో మూటకట్టి మట్టిలోకి వేలి లోతున దిగనొక్కితే సరిపోతుంది. నీటిలో చల్లితే మొక్కకంటె ముందు పాచి తింటుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఎర్రనల్లి, గొడుగు మధ్యలో పిండినల్లి కనిపిస్తే, చేపలు లేని తొట్టి అయితే వేపనూనె పిచికారీ చేయవచ్చు, చేపలుంటే గట్టి నీటి ధారతో కడగడమే మంచిది. పసుపు రంగుకు తిరిగిన కాడ మళ్ళీ పచ్చబడదు, మొదలంటా కోసేయాలి. ఇంట్లో పిల్లి ఉంటే గొడుగు కొసలు నమిలిన గుర్తులు కనబడతాయి, దానివల్ల పిల్లికి ప్రమాదం లేదు, అందమే చెడుతుంది.

రెండు మూడేళ్ళకు దుబ్బు తొట్టి నిండి, నడుమ భాగం బోసిపోయి, కొత్త కాడలు అంచులకే వస్తాయి. తొలకరిలో దుబ్బును బయటకు తీసి, రంపపు కత్తితో ముక్కలు చేసి, అంచున ఉన్న లేత ముక్కలను మాత్రమే తిరిగి నాటాలి. మిగిలిన ముక్కలను, కోసిన గొడుగులను ఏం చేస్తామన్నది చిన్న విషయం కాదు. హవాయిలోనూ ఆస్ట్రేలియాలోనూ తోటల నుంచి తప్పించుకున్న ఈ మొక్క వాగుల వెంట తనంతట తాను పాకిపోయింది. మన కాలువల్లో, చెరువుల్లో పడేస్తే అలా జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఎందుకంటే తడి నేల మీద పడిన ఒక్క గొడుగు చాలు, అది గిన్నెలో చేసిన పనినే అక్కడా చేస్తుంది. కోసిన ప్రతి గొడుగునూ, చీల్చిన ప్రతి కొమ్మునూ డాబా మీద ఎండలో పదిహేను రోజులు పరిచి, విరిస్తే పుటుక్కుమనేంత ఎండాకే కంపోస్టు గుంతలో వేయాలి.